రోజూ నడిపే ప్రీమియర్ పద్మినికి ఇన్సూరెన్స్: తొమ్మిదేళ్ల అనుభవం

మా నాన్నగారి 1992 ప్రీమియర్ పద్మినిని 2016 నుంచి నేనే నడుపుతున్నాను. విజయవాడలో పటమట నుంచి గవర్నర్‌పేటలోని ఆఫీసుకి, మళ్లీ ఇంటికి, వారానికి ఆరు రోజులు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కాంప్రిహెన్సివ్ పాలసీ (ఎదుటివాళ్ల నష్టంతో పాటు మన బండి నష్టానికీ డబ్బిచ్చేది) వదల్లేదు. పాత బండికి థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే ఇచ్చేది) చాలని చాలామంది చెప్పారు. రోజూ బందరు రోడ్డు ట్రాఫిక్‌లో తిరిగే బండికి అది చాలదని నా అభిప్రాయం.

పాలసీ దొరకడమే మొదటి ఇబ్బంది. నేను వెతికిన వెబ్‌సైట్లలో మోడళ్ల జాబితాలో పద్మిని పేరే లేదు. చివరికి ఒక కంపెనీ బ్రాంచికి వెళ్లి, ఇన్‌స్పెక్షన్ చేయించి తీసుకున్నాను. ఇంత పాత బండికి జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల పాతదనం పేరుతో కోత పెట్టని కవర్) ఇవ్వలేమన్నారు. ఐడీవీ, అంటే బండికి పాలసీలో రాసే విలువ, 40,000 అంటే సరే అని సంతకం పెట్టేశాను. ఐదేళ్లు దాటిన బండి విలువకు పట్టిక ఏదీ ఉండదనీ, కంపెనీ, మనం మాట్లాడుకుని ఒప్పుకున్నదే ఐడీవీ అనీ అప్పుడు నాకు తెలియదు.

2021 వానాకాలంలో తెలిసింది. బెంజ్ సర్కిల్ దగ్గర ముందు వెళ్తున్న ట్రాలీ ఆటో ఒక్కసారిగా ఆగింది. బ్రేకు వేసినా తడి రోడ్డు మీద బండి జారింది. ఎడమ ఫెండర్, బానెట్, రేడియేటర్, ఒక హెడ్‌లైట్ పోయాయి. కొత్త ఫెండర్, కొత్త బానెట్ వేస్తే 33,000 అవుతుందని ఎస్టిమేట్ వచ్చింది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద, అంటే బండి పూర్తిగా పోయినట్టే లెక్క. 40,000లో అది 30,000. అంటే చక్కగా బాగయ్యే బండి కాగితాల మీద తుక్కు అయిపోతోంది. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

దారి చూపించింది ఆటోనగర్‌లోని మా టింకరింగ్ (సొట్టలు తీసే రేకు పని) మేస్త్రీ. పాత రేకు మందంగా ఉంటుంది, కొట్టి సరిచేస్తానన్నాడు. రెండో ఎస్టిమేట్ 20,600కి దిగింది: టింకరింగ్ కూలీ 9,000, పెయింటింగ్ 6,000, రేడియేటర్ 4,000, హెడ్‌లైట్ అద్దం 1,000, రబ్బరు బీడింగ్ 600. అసలు కిటుకు ఇక్కడే ఉంది. పదేళ్లు దాటిన బండికి లోహపు భాగం కొత్తది వేస్తే దాని ధరలో సగం కోస్తారు. రబ్బరుకీ సగమే ఇస్తారు. అద్దానికి కోత లేదు, కూలీకీ లేదు. పెయింటింగ్ బిల్లు ఒకే మొత్తంగా ఉంటే అందులో 25 శాతాన్ని మెటీరియల్‌గా తీసుకుని, దానిలో సగం తగ్గిస్తారు. ప్రతి క్లెయింలో మనమే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు 1,000 పోగా నాకు 16,550 వచ్చింది. నగదు నేనే ముందు కట్టి, తర్వాత తీసుకున్నాను. మేస్త్రీ షెడ్డులో క్యాష్‌లెస్ (కంపెనీయే నేరుగా బిల్లు కట్టడం) ఉండదు కదా. నష్టం లెక్కకట్టడానికి వచ్చిన సర్వేయర్ మాత్రం ఓపిగ్గా ప్రతి వస్తువూ చూశారు.

తర్వాతి రెన్యువల్‌కి బండి ఫొటోలు, ఇంజన్ పని చేయించిన బిల్లులు పట్టుకెళ్లి ఐడీవీ 90,000 అడిగాను. 75,000కి ఒప్పుకున్నారు. ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి కట్టే) ప్రీమియం దాదాపు 1,200 పెరిగింది, క్లెయిం చేసినందుకు నో క్లెయిం బోనస్ (క్లెయిం చేయనివాళ్లకిచ్చే తగ్గింపు) కూడా పోయింది. అయినా ఆ 1,200 కంటే మంచి ఖర్చు ఈ బండి మీద నేను పెట్టలేదు.

పద్మిని కంటే పాత ఫియట్లు ఉన్నవాళ్లు వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి అడుగుతుంటారు. 2021 నిబంధనల ప్రకారం అది 50 ఏళ్లు దాటిన బండ్లకి. ఫీజు 20,000. అలా రిజిస్టరైన కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం సగమే, కానీ దాన్ని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ఆఫీసుకి నడుపుకునేవాళ్లు మామూలు ఆర్‌సీనే (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

ఆర్‌సీ గడువు తేదీని పాలసీ తేదీ అంత జాగ్రత్తగా చూసుకోండి. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు దాటిన కారు దొంగతనానికి గురైతే క్లెయిం చెల్లదని 2021లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నా ఆర్‌సీ 2022 జూన్‌లో 5,000 కట్టి పొడిగించుకున్నాను. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టు నుంచి ఆ ఫీజు 10,000 అయింది. నాకు మళ్లీ 2027 జూన్‌లో వస్తుంది. ఆ డబ్బు ఇప్పటి నుంచే పక్కన పెడుతున్నాను.