గింప్ పదేళ్ళు వాడినాక నా మాట

కడపలో ఏడు రోడ్ల దగ్గర చిన్న డిజైన్ షాపు మాది, ఫ్లెక్సీలు, పెళ్ళి పత్రికలు, పాస్‌పోర్ట్ ఫోటోలు. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేక ఫోటోలు సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్ 2.8 వెర్షన్‌తో మొదలుపెట్టినా, ఇప్పుడు 3.0 వాడుతున్నా.

అన్నిటికన్నా ఎక్కువ సతాయించింది సేవ్. ఫోటో సరిచేసి సేవ్ కొట్టి పేరు చివర జేపీజీ అని టైప్ చేస్తే ఒప్పుకోదు, ఎక్స్‌పోర్ట్‌కు పొమ్మంటుంది. సేవ్ అంటే దానికి సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలే. మా షాపులో చేరిన పాప మొదటి వారం ఒక పుట్టినరోజు ఫ్లెక్సీ అట్లే ఎక్స్‌సీఎఫ్‌లో సేవ్ చేసి ప్రింటింగ్‌కు పంపింది, వాళ్ళ దగ్గర తెరుచుకోలేదు, ఫంక్షన్ సాయంత్రానికే, పాప ఏడ్చినంత పని చేసింది. తప్పు ఆమెది కాదు. లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు, పోకుండా కాపాడాలనే అట్ల పెట్టినారు, ఆ కారణం నాకు అర్థమైంది, కానీ ఎక్స్‌పోర్ట్ చేసినాక మూస్తే కూడా ‘మార్పులు సేవ్ కాలేదు’ అని అడిగితే కొత్తోళ్ళకు గుండె జారదా? అందుకే ఎక్స్‌పోర్ట్‌కు కంట్రోల్ షిఫ్ట్ ఈ నొక్కాలని చీటీ రాసి మానిటర్‌కు అంటించినా.

విండోల గోల కొంత తీరింది. 2.8లో టూల్స్ ఒక పక్క, లేయర్లు ఒక పక్క, ఫోటో ఇంకో పక్క విడివిడిగా తేలేవి, అన్నీ ఒకే విండోలో చూపే సింగిల్ విండో మోడ్ ఉందని తెలిసేసరికి నాకు ఆరు నెలలైంది. 2018లో 2.10 వచ్చినాక అదే మామూలైంది. అయితే ఆ వెర్షన్‌లోనే ఐకాన్లు బూడిద రంగుకు మార్చినారు, రంగు గుర్తుతో టూల్ పట్టుకునేవాళ్ళం తడబడినాం. ఆ వెర్షన్‌లో ప్రిఫరెన్సెస్‌కు పోయి ఐకాన్ థీమ్ కలర్‌కు పెట్టుకుంటే పని తేలికైంది.

ఇంక గుండ్రం. ఫోటో చుట్టూ ఒక గీత గుండ్రంగా గీయాలంటే ఎలిప్స్ సెలెక్ట్ చేసి, ఎడిట్ మెనూలో స్ట్రోక్ సెలెక్షన్‌కు పోవాల. ఎవరికి తోస్తుంది చెప్పండి?

ముందు పేస్ట్ చేస్తే ఫ్లోటింగ్ సెలెక్షన్ అని మధ్యలో వేలాడేది, దాన్ని యాంకర్ చేసేదాకా, అంటే కింది లేయర్‌కు అతికించేదాకా, వేరే పని సాగేది కాదు. 3.0లో నేరుగా కొత్త లేయర్ అవుతుంది. ఆ ఒక్క మార్పుతోనే మా పాప నన్ను పిలవడం సగం తగ్గింది. యూనికోడ్ తెలుగు ఒత్తులు కూడా చక్కగా కూర్చుంటాయి, పత్రికల పనికి అది చాలా పెద్ద సాయం.