ఏలియనా, గ్రహాంతరవాసా, గ్రహాంతర జీవా: కథలో ఏది మేలు?

సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లు, అనువదించేవాళ్లు తిప్పితిప్పి అడిగే ప్రశ్న ఇది. ఏలియన్ అంటే ఇంగ్లిష్ మాట వాడారంటారు, గ్రహాంతరవాసి అంటే టీవీ వార్తలా ఉందంటారు, మరీ కొత్తగా ఏదైనా రాస్తే పాఠకుడికి అర్థమవుతుందో లేదో అని టెన్షన్. వాదనంతా సొంత మాటా, అరువు మాటా అన్న చోటే తిరుగుతుంటుంది. గ్రహాంతరవాసి కూడా సంస్కృతం నుంచి తెచ్చుకున్నదే కాబట్టి ఆ గొడవ నాకు పెద్దగా పట్టదు. నా లెక్కలో అసలు తేడా వాక్యం చివర ఉంది, క్రియలో.

ఓడ తలుపు తెరుచుకుంది, లోపలున్నవి బయటికి దిగాయి. ఇది ఇంగ్లిష్‌లో రాసేవాడు క్రియ దగ్గర ఏమీ తేల్చనక్కర్లేదు. మనుషులు దిగినా, మరలు దిగినా, పాములు దిగినా అక్కడ క్రియ ఒకటే. మనకి ఆ వెసులుబాటు లేదు. "మూడు దిగాయి" అంటే చదివేవాడు ఆయుధం కోసం చుట్టూ చూస్తాడు. "ముగ్గురు దిగారు" అంటే వాళ్లేం మాట్లాడతారో అని చెవులు రిక్కిస్తాడు. ఇంకా వాళ్ల రూపం ఎలా ఉందో మనం ఒక్క ముక్క చెప్పలేదు. అంకె, క్రియ కలిసి సగం కథ చెప్పేశాయి.

మనం ఎంచుకునే పేరు తన క్రియని తనే లాక్కొస్తుంది. గ్రహాంతరవాసులు వచ్చారు తప్ప "వచ్చాయి" అని ఎవరూ అనరు. గ్రహాంతర జీవులు వచ్చాయి అన్నదే సహజం. ఏలియన్లు మాత్రం వచ్చారన్నా వచ్చాయన్నా చెవికి అడ్డం తగలదు.

అలాగని ఏలియన్‌కే ఓటు వేసేద్దామా అంటే, దానికో ఇబ్బంది ఉంది. ఆ మాట ఒక బొమ్మని వెంటబెట్టుకుని వస్తుంది: పెద్ద తల, వాలుగా నల్లటి కళ్లు, పుల్లల్లాంటి చేతులు. మీ ప్రాణి ఒక పొగమేఘమైతే ముందు ఆ బొమ్మని చెరిపేయడానికే ఒక పేరా ఖర్చవుతుంది. పైగా దాని మూలార్థం పరాయివాడు అనే. 1798లో అమెరికా చేసిన చట్టాల్లో ఈ మాట వాడింది విదేశీయుల గురించే. వాళ్లు మనకేమవుతారో చెబుతుంది గానీ వాళ్లేమిటో చెప్పదు. సంభాషణల్లో మాత్రం దీనికి తిరుగులేదు. ఆకాశంలో వెలుగు చూసిన కుర్రాడు "ఏలియన్స్ రా!" అనే అరుస్తాడు. వాడి నోట గ్రహాంతరవాసులు అని పెడితే కథ అక్కడే చచ్చిపోతుంది.

గ్రహాంతరవాసిలో నాకు నచ్చేది ఆ "వాసి". వాళ్లకీ ఎక్కడో ఒక ఇల్లుందని ఒప్పుకుంటుంది. దేశాంతరం లాగే గ్రహాంతరం. చర్చలు, రాయబారాలు, హాస్యం నడిచే కథకి ఇది బాగా కుదురుతుంది. చిక్కంతా ఏకవచనంలో. ఒక్కడే దిగితే "వచ్చాడు" అని రాస్తాం, అంటే అడగకుండానే మగవాడిని చేసేశాం. 1969లో ఉర్సులా లె గ్విన్ ఆడ, మగ అన్న స్థిరమైన భేదం లేని మనుషుల మీద నవల రాసి, వాళ్లందరికీ ఇంగ్లిష్‌లో పుంలింగ సర్వనామమే వాడింది. దాని మీద విమర్శలొచ్చాయి, తర్వాత ఆమే ఆ నిర్ణయాన్ని మళ్లీ ఆలోచించుకుంది. తెలుగులో ఆ గండం గట్టెక్కడం తేలిక. ఒక్కరినైనా "వారు వచ్చారు" అంటే లింగం అడ్డు రాదు. కాకపోతే గౌరవం కూడా ఇచ్చినట్టవుతుంది, అది మీ కథకి కావాలో వద్దో చూసుకోవాలి.

వాసికి ఇంకో పరిమితి ఉంది. ఉండే చోటు వేరు, ఉండేవాడు వేరు అని ముందే అనేసుకుంటుంది. స్టానిస్వాఫ్ లెమ్ 1961 నవల 'సొలారిస్'లో గ్రహాన్ని కప్పేసిన సముద్రమంతా ఒకే ప్రాణి. దాన్ని ఏ వాసి అంటాం?

నా ఓటు గ్రహాంతర జీవికే. సూక్ష్మజీవి నుంచి ఆ సముద్రం దాకా అన్నీ ఇందులో పడతాయి. యూరోపా, ఎన్‌సెలడస్‌ల మంచు కింద సముద్రాలున్నాయని శాస్త్రవేత్తలు అంటున్నారు. అక్కడ రేపు ఏదైనా కణం దొరికితే దాన్ని వాసి అంటే నవ్వుతారు. (అవి గ్రహాలు కావు, ఉపగ్రహాలు. గ్రహాంతర అన్నదీ తప్పేనని పట్టుబట్టే పాఠకుడు ఇంతవరకు నాకు తగల్లేదు.) కానీ నేను జీవిని ఎంచుకోవడానికి పెద్ద కారణం వేరే ఉంది. అది "అది"తో మొదలవుతుంది కాబట్టి దాన్ని పైకి తీసుకెళ్లొచ్చు. ఇలా:

"చచ్చిపోయిన తోటి జీవిని అవి మోసుకెళ్లి ఇసుకలో కప్పాయి. అన్నీ వెనక్కి మళ్లాయి. ఇద్దరు మాత్రం తెల్లారేదాకా అక్కడే కూర్చున్నారు."

రెండు కాదు, ఇద్దరు. అవి మనుషుల్లాంటివే అని రచయిత ఎక్కడా చెప్పలేదు, పాఠకుడే ఆ మాట దగ్గర ఆగుతాడు. ఇదే పని ఏలియన్‌తో చేస్తే ఎవరికీ ఆనదు, రెండు రకాలకీ చెవి అలవాటుపడింది కాబట్టి. మహా అయితే ప్రూఫ్ చూసినవాళ్ల పొరపాటనుకుంటారు. వాసితో మొదలుపెడితే ఎక్కడానికి మెట్టే ఉండదు. దిగితే తిట్టినట్టుంటుంది. ఆర్సన్ స్కాట్ కార్డ్ 1986 నవలలో, పరాయివాళ్లు మనకెంత దగ్గరో చెప్పడానికి స్వీడిష్ మాటల ఆధారంగా ఒక మెట్ల వరసే కట్టాడు. మనకి దానిలో చాలా భాగం వ్యాకరణంలోనే ఉంది, వాడుకోవడం లేదంతే.

ఇందులోనే ఇంకో సదుపాయం. ఏకవచనంలో "వచ్చింది" అంటే ఆమె కావచ్చు, అది కావచ్చు. సర్వనామం దాచిపెట్టి నాలుగు పేజీలు నడిపితే సస్పెన్స్ ఉచితంగా వస్తుంది.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పరగ్రహవాసి అంటే గ్రహాంతరవాసికి ఇంకో చొక్కా. అంతరిక్షవాసి అంటే స్పేస్ స్టేషన్లో ఉన్న వ్యోమగామి గుర్తొస్తాడు. అంగారకుడి మీద కాలువలు తవ్వినవాళ్లున్నారని చాలామంది నమ్మిన 19వ శతాబ్దం చివర్లో అంగారకవాసికి మంచి రోజులుండేవి. 1965లో మారినర్ 4 వ్యోమనౌక పంపిన ఫొటోల్లో బిలాలు తప్ప కాలువలు కనపడకపోయేసరికి ఆ పేరు వెలవెలబోయింది. ఇప్పుడు అక్కడికి వెళ్లి కాపురం పెట్టే మనుషులకే పనికొస్తుంది.

కథ నిడివి ఎక్కువైతే మాత్రం ఈ మూడూ పక్కనపెట్టి ఆ జాతికి సొంత పేరు పెట్టక తప్పదు. అప్పుడు ఇంగ్లిష్ కథల్లోలా హల్లులు గుదిగుచ్చకండి. మన లిపిలో అవి ఒత్తుల కింద ఒత్తులై నోరు తిరగదు. పేరు పెట్టగానే దానికి లు, కి, తో, లలో తగిలించి పైకి చదివి చూసుకోండి. అచ్చుతో ముగిసే పేరైతే ఈ ప్రత్యయాలన్నీ సాఫీగా అతుక్కుంటాయి.