కోఠిలో తల కొలిచి హెల్మెట్ అమ్మే దుకాణం

గత జూన్‌లో తార్నాక దగ్గర వానలో స్కూటర్ జారి పడ్డాను. భుజం నేలకు తగిలేలోపే నా హెల్మెట్ తల నుంచి ఊడిపోయి నాలుగడుగుల అవతల దొర్లుతూ కనిపించింది. తల నేలకు తగల్లేదు కాబట్టి దెబ్బ భుజంతోనే పోయింది. ఇంటికి వచ్చాక చూస్తే బెల్టు క్లిప్ పెట్టింది పెట్టినట్టే ఉంది. అంటే పెట్టుకోకపోవడం వల్ల కాదు, అది నా తలకు వదులు కావడం వల్ల ఊడింది. మూడేళ్ల క్రితం రోడ్డు పక్కన రంగు నచ్చి, బేరమాడి నాలుగు వందలకు కొన్న హెల్మెట్ అది. ఆ వారమే ఒక సహోద్యోగి చెప్పగా కోఠిలోని ఈ చిన్న దుకాణానికి నా భార్యతో కలిసి వెళ్లాను.

నలుగురు నిలబడితే నిండిపోయే దుకాణం. బండి నిలపడానికి చోటు లేదు, కొంత దూరంలో పెట్టి నడిచి రావలసిందే. లోపలికి వెళ్లగానే నేను అలవాటుగా పెద్ద సైజు అడిగాను. దుకాణం నడిపే పెద్దాయన ఏ హెల్మెటూ దించకుండా, దర్జీల టేపు తీసి నా కనుబొమలకు కాస్త పైనుంచి తల చుట్టూ కొలిచారు. 58 సెంటీమీటర్లు వచ్చింది. ‘మీది మీడియం అన్నా, ఇన్నేండ్లు పెద్దది పెట్టుకొని తిరిగిన్రు’ అన్నారు. ఆయన ఇచ్చిన మీడియం పెట్టుకుంటే చెంపలు నొక్కినట్టు అనిపించి, ఇరుకుగా ఉందన్నాను. అప్పుడాయన హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. దాంతోపాటు నా నుదుటి చర్మం కూడా కదిలింది. తరువాత బెల్టు బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తి చూశారు, ఊడలేదు. ‘మెత్త కొన్ని రోజులకు అణుగుతది, వదులుది మాత్రం ఎన్నటికీ బిగుతు కాదు’ అని ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

నా పాత హెల్మెట్‌ను కూడా వెంట తీసుకువెళ్లాను. పైన ఒక గీత తప్ప ఏమీ కనిపించదు. ఆయన లోపలి బట్ట లాగి చూపిస్తే, థర్మాకోల్ పొరలో వేలి గోరు పట్టేంత పగులు ఉంది. దెబ్బ తగిలినప్పుడు పై చిప్ప ఆ తాకిడిని చుట్టూ పరుస్తుంది, లోపలి థర్మాకోల్ నలిగి ఆ శక్తిని తనలో కలుపుకుంటుంది. ఒకసారి నలిగినది మళ్లీ ఉబ్బదు. అందుకే ఒక దెబ్బ తిన్న హెల్మెట్, చూడటానికి బాగున్నా, రెండోసారి పనికిరాదు. ఇంత ముఖ్యమైన సంగతి హెల్మెట్ అమ్మినవారు అంతకుముందు ఒక్కరూ నాకు చెప్పలేదు.

2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్‌ఐ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్‌ను అమ్మడానికి వీల్లేదు. అయితే గుర్తు స్టిక్కరు అంటించడం ఎవరికైనా తేలికే. ఇక్కడ నేను అడగకముందే స్టిక్కరు మీది లైసెన్స్ నంబరును, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ నడిపే ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి, తయారీదారు పేరు వచ్చాకే బిల్లు రాశారు. నాది 1,750 రూపాయలు, నా భార్యది 1,400.

నా భార్య మొదట తనకు వద్దంది. వెనక కూర్చునేవారికి ఎందుకని మా బంధువుల్లో చాలామంది అంటుంటారు. మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ నాలుగేళ్లు దాటినవారికి హెల్మెట్ తప్పనిసరి అంటుంది, ముందు వెనక అన్న తేడా లేదు. 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా ప్రాణాలు కోల్పోయినవారు 50,029 మంది; అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారే. సరైన హెల్మెట్ మరణ ప్రమాదాన్ని సుమారు 42 శాతం, తల గాయాల ప్రమాదాన్ని 69 శాతం తగ్గిస్తుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. ఈ లెక్కలు చెప్పాక ఆమె టేపు ముందు నిలబడింది.

తొమ్మిది నెలల వాడకంలో తెలిసినవి చెబుతాను. మధ్యాహ్నం ఎండలో సికింద్రాబాద్ సిగ్నళ్ల దగ్గర చెమట కారుతుంది. లోపలి బట్ట ఊడదీసి ఉతుక్కోవచ్చు కాబట్టి వాసన పట్టలేదు. వానలో హెల్మెట్ అద్దం లోపలివైపు ఆవిరి పడుతుంది, వేలెడంత తెరిచి నడపాల్సి వస్తుంది. ఇది నిజమైన ఇబ్బంది. రాత్రి తిరిగేవారు నల్ల అద్దం తీసుకోకూడదు. హారన్లు చక్కగా వినిపిస్తాయి. నేను ఆఫీసుకు ఉప్పల్ నుంచి మెట్రోలో వెళ్తాను, స్టేషన్ దాకా మాత్రం స్కూటర్. ఆ కాస్త దూరానికే నేను పూర్వం హెల్మెట్‌ను స్కూటర్ అద్దానికి తగిలించి వెళ్లేవాడిని. ఇప్పుడు మానేశాను.

దుకాణంలో లోటు ఒకటే, పిల్లల సైజులు లేవు. మా పాపకు ఏడేళ్లు. తెప్పిస్తానని పెద్దాయన నా నంబరు రాసుకుని రెండు వారాలైంది. కబురు రాగానే పాపను వెంటబెట్టుకునే వెళ్తాను, ముందు తల కొలవాలి కదా.