ఆది జాకెట్టు వద్దన్న టైలరమ్మ

ఇరవై రెండేళ్ళుగా నల్లబల్ల మీద లెక్కలు రాస్తున్నాను. కుడి చేత్తో రాస్తూ ఎడమ చేత్తో జాకెట్టు కిందికి లాక్కోవడం కూడా అన్నేళ్ళుగానే అలవాటు. నా ఎత్తు ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. సమీకరణం మొదటి వరుస బల్ల పైఅంచు దగ్గర మొదలవుతుంది కాబట్టి చెయ్యి నిలువునా ఎత్తాలి. ఎత్తగానే నడుము పట్టీ ఎగిరి పైన కూర్చుంటుంది. వెనకేమో నలభై మంది తొమ్మిదో తరగతి పిల్లలు. ఈ బాధ చెప్పుకుంటే ప్రతి దర్జీ ఒకటే వైద్యం చేశారు: "చంక దగ్గర బిగుతుగా ఉందమ్మా, కాస్త దించుతాను." దించారు. జాకెట్టు ఇంకాస్త పైకి లేచింది.

ఆ చంక గుట్టు నాకు తెలిసింది విజయవాడ గవర్నర్‌పేటలో, బీసెంట్ రోడ్డు నుంచి చీలే ఒక సందులో, మ్యాచింగ్ సెంటర్ పైన ఉన్న చిన్న కుట్టు దుకాణంలో. బోర్డు మీద ఏదో పేరుంది కానీ ఆ పేరుతో అడిగితే సందులో ఎవరూ చెప్పలేరు. "మేడ మీద టైలరమ్మ" అంటే చెప్పులు కుట్టే ఆయన కూడా వేలు పెట్టి చూపిస్తాడు. గదిలో మూడు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడకు కట్టిన గీతల దుప్పటి. ఆ దుప్పటే బట్టలు మార్చుకునే గది.

అలవాటు ప్రకారం ఆది జాకెట్టు తీసి ఇచ్చాను. ఆవిడ తిప్పి చూసి బల్ల మీద పక్కకు పెట్టేశారు. "ఇది సరిగ్గా ఉంటే మీరు ఇక్కడికి ఎందుకు వస్తారు టీచరు గారూ? దీని కొలతతో కుడితే ఇదే మళ్ళీ వస్తుంది." తర్వాత నన్ను గోడ వైపు తిరిగి నల్లబల్ల మీద రాస్తున్నట్టు చెయ్యి ఎత్తమన్నారు. ఎత్తాను. చేతిగుడ్డ, పక్క కుట్టు కలిసే చోట వేలు పెట్టారు. ఆ చోటు నా చంక కింద ఉండవలసింది, దాదాపు రెండు అంగుళాలు దిగి పక్కటెముకల మీద ఉంది. "చెయ్యి లేస్తే ఈ ముడి లేస్తుంది. ఇది లేస్తే దీనికి కుట్టిన గుడ్డంతా లేస్తుంది. చంక ఎంత దించితే అంత గుడ్డ చేతికి వేలాడుతుంది" అన్నారు. ఆవిడ కత్తిరించిన జాకెట్టులో చంక పైకి జరిగింది, చేతిగుడ్డ పైవంపు కొంచెం చదునైంది. మొదటిసారి వేసుకున్నప్పుడు చంక దగ్గర ఏదో తగులుతున్నట్టుంది, బిగుతు కాదు కానీ కొత్తగా అనిపించింది. రెండో పీరియడ్‌కల్లా మర్చిపోయాను. బల్ల పైఅంచున రాశాను, పట్టీ కదలలేదు. లెక్కల టీచర్నై ఉండి ఈ చిన్న జ్యామితి ఇన్నేళ్ళూ నాకెందుకు తట్టలేదో!

నా ఒళ్ళు ఎలాంటిదో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. భుజాలు చిన్నవి, పొట్ట పెద్దది. రెడీమేడ్ కుర్తీలు నాకు నప్పకపోవడానికి కారణం ఇదే. పొట్టకు సరిపోవాలని డబుల్ ఎక్సెల్ తీసుకుంటే పొట్టతో పాటు భుజాలూ, మెడా, చేతులూ అన్నీ పెరిగి వస్తాయి. భుజం కుట్టు చెయ్యి మీదికి జారి, మనిషి ఎవరి బట్టలో అడిగి తెచ్చుకున్నట్టు ఉంటుంది. భుజానికి సరిపడే సైజు తీసుకుంటేనేమో పొట్ట దగ్గర గుడ్డ సాగి, పక్క చీలికలు నోరు తెరుస్తాయి. టైలరమ్మ కుట్టిన కుర్తీకి భుజాలు నావే. చంక కింద నుంచి గుడ్డ మెల్లగా వెడల్పవుతుంది, నడుము దగ్గర నొక్కు లేదు, పక్క చీలిక పిరుదుల వెడల్పుకు కాస్త పైనే మొదలవుతుంది. అంతే, కూర్చుంటే పట్టేయదు. గుడ్డ మంగళగిరి నూలుది, మీటర్లలో కొన్నది. దాన్ని ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేసి తెమ్మన్నారు. నానబెట్టకుండా తీసుకెళితే వెనక్కి పంపారు. కోపం వచ్చిన మాట నిజమే. మరో చోట కుట్టించిన నూలు జాకెట్టు మొదటి ఉతుకుకే లోపలి లైనింగు కుంచించుకుపోయి బయటి గుడ్డ అప్పడంలా పొంగిన సంగతి గుర్తొచ్చి, మాట్లాడకుండా మెట్లు దిగాను.

కానీ నన్ను అడిగితే ఆవిడ చేతిపనిలో గొప్పది జాకెట్టూ కాదు, కుర్తీ కాదు. లోపలి లంగా. చీరలో లావుగా కనిపిస్తున్నామని ఏడ్చే మనలో ఎంతమంది లంగాను అనుమానించారు? బజారులో దొరికే లంగాకు చుట్టూ కుచ్చులు ఉంటాయి. బొందు లాగి కట్టగానే ఆ కుచ్చులన్నీ పొట్ట ముందుకు చేరతాయి. వాటి మీద బొందు ముడి, దాని మీద చీర కుచ్చిళ్ళు. పొట్ట ఉన్న మనిషికి ఇంకో పొట్ట కట్టినట్టే. ఆవిడ కుట్టేది ఆరు ముక్కల నూలు లంగా. ఒక్కో ముక్క పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటుంది కాబట్టి నడుము దగ్గర కుచ్చులు రావు. ముందు వైపు వెడల్పాటి చదును పట్టీ, బొందు ముడి ఎడమ పక్కకు. దాని మీద సన్న అంచు మంగళగిరి చీర కట్టుకుని స్టాఫ్ రూముకు వెళితే, తెలుగు మాస్టారి భార్య "చిక్కారేమిటి?" అన్నారు. చిక్కలేదండీ, ముడి పక్కకు జరిపాను.

ఇప్పుడు అందరూ కొంటున్న సాగే లంగాలు, అవే ఒంటికి అతుక్కుని మోకాళ్ళ కింద విచ్చుకునేవి, నేనూ ఒకటి కొన్నాను. ఏసీ హాల్లో రెండు గంటల రిసెప్షనుకు బాగానే ఉంటుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో దాన్ని తొడుక్కుని సిటీ బస్సు మెట్టు ఎక్కి చూడండి. అడుగు చాలదు, గాలి ఆడదు.

మా అమ్మ సంగతికి వస్తాను. ఆవిడకు డెబ్బై ఎనిమిది. వీపు వంగింది, భుజం నొప్పితో చెయ్యి వెనక్కి వెళ్ళదు, వేళ్ళు చిన్న హుక్కులను పట్టుకోలేవు. దుకాణానికి పంతొమ్మిది ఇరుకు మెట్లు. అమ్మను ఆటోలోనే కూర్చోబెట్టి పైకి వెళ్ళి సంగతి చెబితే, టైలరమ్మ టేపు మెడలో వేసుకుని కిందికి దిగారు. "మామ్మ గారూ, దిగవద్దు. మీరు రోజంతా ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి" అని ఆటోలోకి వంగి కొలతలు తీసుకున్నారు. మెడ వెనక ఎముక నుంచి నడుము దాకా ఒకసారి, ముందు భుజం మీది నుంచి కిందికి ఒకసారి. వెనక ఒక స్కూటరు హారను మోగిస్తూనే ఉంది. ఆటో అబ్బాయి అంకెలు తన ఫోనులో రాసుకుని నాకు చదివి వినిపించాడు. వంగిన వీపుకు జాకెట్టు వెనక భాగం పొడవు పెంచాలట, ముందు తగ్గించాలట. ఇన్నాళ్ళూ అమ్మ జాకెట్టు వెనక పైకి లేచి, ముందు వదులుగా వేలాడేది. ఆవిడ చిక్కిపోయిందనుకున్నాం. హుక్కుల బదులు పెద్ద టిచ్ బటన్లు పెట్టి, పైకి కనబడేలా ఉత్తుత్తి గుండీలు కుట్టారు. అమ్మ నాలుగు రోజులు గుండీల మీద గొణిగింది. ఐదో రోజు నేను లేచేసరికి తానే జాకెట్టు వేసుకుని కాఫీ కోసం కూర్చుని ఉంది. అంతకు ముందు పొద్దున్నే నన్ను పిలిచేది.

ఇక లోపాలు. మా అమ్మాయి విషయంలో టైలరమ్మ దెబ్బతిన్నారు. అమ్మాయి పొడగరి, సన్నం. కాలేజీకి వేసుకోవడానికి వదులుగా, మోకాళ్ళ దాకా, జేబున్న కుర్తీ అడిగింది. ఈవిడ "వయసులో ఉన్న పిల్లవు, నడుము తెలియాలి కదా" అని ముందూ వెనకా టక్కులు వేసి నొక్కేశారు. అమ్మాయి అద్దంలో చూసుకుని ఒక్క మాట కూడా అనకుండా తీసి మడిచి ఇచ్చింది. దానికి కోపం వస్తే అంతే. టక్కులు విప్పించాం, కుట్టు గుర్తులు గుడ్డ మీద ఇప్పటికీ సన్నగా కనిపిస్తాయి. నన్ను చెయ్యి ఎత్తమన్న మనిషి, అమ్మను ఎలా కూర్చుంటావని అడిగిన మనిషి, ఈ పిల్లను మాత్రం ఏమీ అడగలేదు. జేబు మటుకు భేషుగ్గా కుదిరింది. ఫోను మొత్తం పట్టేంత లోతు, పక్క కుట్టులో కలిసిపోయి బయటికి తెలియదు.

రెండో లోపం గడువు. చీటీ మీద పది రోజులని రాస్తే పదిహేడు అనుకోండి. గుంటూరులో మా అన్నయ్య కొడుకు పెళ్ళికి ఇచ్చిన పట్టు జాకెట్టు బస్సెక్కే రోజు మధ్యాహ్నం చేతికి వచ్చింది. ముహూర్తం తెల్లవారుజామున, నాకేమో ఆ ముందు రాత్రంతా నిద్ర లేదు. అయితే పని మీద వంక పెట్టలేను. చేతి అంచు జరీ గుచ్చుకుంటుందని నేను చెప్పనే లేదు, ఆవిడే లైనింగును జరీ మీదుగా లోపలికి మడిచి కుట్టారు. వెనక మెడ నేను తొమ్మిది అంగుళాలు అడిగితే, చిన్న భుజాలకు జారుతుందని ఏడు దగ్గర ఆపేశారు. పీటల మీద అక్షింతలు వేయడానికి వంగినప్పుడల్లా భుజం సర్దుకోవలసిన పని పడలేదు. పక్క కుట్ల లోపల ఇరువైపులా అంగుళం చొప్పున గుడ్డ వదిలారు, ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి.

ఫాల్, పికో మాత్రం అక్కడ ఇవ్వకండి. బయటికి పంపించి చేయిస్తారు. నా ఆకుపచ్చ చీరకు ఫాల్ నీలం దారంతో వచ్చింది.

ధరలు: లైనింగు జాకెట్టుకు నేను ఏడు వందలు ఇచ్చాను, అమ్మవి నాలుగు వందల చొప్పున, లంగా గుడ్డతో కలిపి మూడు వందల యాభై. ఇంతకంటే తక్కువకు కుట్టేవాళ్ళు మా సత్యనారాయణపురంలోనే ఉన్నారు. లంగా విషయంలో బేరం ఆడాలని మీకు అనిపించకపోవచ్చు, నాకు అనిపించలేదు. వెళ్ళేవాళ్ళు ఆషాఢంలో వెళ్ళండి. పెళ్ళిళ్ళు ఉండవు, బట్టల దుకాణాల్లో తగ్గింపులూ ఉంటాయి, ఆవిడ తీరిగ్గా మాట్లాడతారు. శ్రావణం వస్తే మెట్ల మీదే నిలబడాలి.

నిన్న మా వదిన పట్టుచీర జాకెట్టు గుడ్డ ఇచ్చి వచ్చాను. చీటీ మీద పద్దెనిమిదో తేదీ అని ఉంది. వదినకు ఇరవై ఐదు అని చెప్పాను.