డబుల్ స్లిట్ కిట్: చారలు బాగున్నాయి, కరపత్రమే తప్పు

కాంతిని రెండు సన్నని చీలికల గుండా పంపి గోడపై వెలుగు, చీకటి చారలు చూపే ప్రయోగానికి, అమలాపురం, భీమవరం వైపు హైస్కూళ్లలో వాడదగ్గ కిట్ ఇది. 650 నానోమీటర్ల ఎర్ర లేజరు, 0.25 మిల్లీమీటర్ల ఎడంతో రెండు చీలికలున్న గాజు పలక, రెండు పోలరాయిడ్ ముక్కలు (ఒకే దిశలో కంపించే కాంతిని వదిలే రేకులు) ఉంటాయి. గోడకు 2 మీటర్ల దూరంలో పెడితే చారల మధ్య 5.2 మిల్లీమీటర్లు రావాలి, వస్తుంది. చారలు మసకబారితే ముందు పలక చూడండి. కోనసీమ తేమకు గాజు చెమ్మగిల్లుతుంది. సిలికా జెల్ పొట్లంతో బిగుతు డబ్బాలో దాచాలి.

అసలు విలువ పోలరాయిడ్‌లోనే ఉంది. ఒక చీలికపై నిలువుగా, రెండోదానిపై అడ్డంగా ముక్కలు అతికిస్తే చారలు పోతాయి. అతుకు సరిగ్గా చీలికల మధ్య పడాలి, భూతద్దం తప్పనిసరి. లేజరు కాంతి కూడా ఒకే దిశలో కంపిస్తుంది కాబట్టి, దాన్ని 45 డిగ్రీలు తిప్పడం మరిస్తే ఒక చీలిక చీకటైపోతుంది, అప్పుడు చారలు పోయినా దానికి అర్థం లేదు. గోడ ముందు మూడో ముక్కను 45 డిగ్రీల్లో పెడితే చారలు తిరిగొస్తాయి. ఆ మూడోది ఇవ్వకపోవడం పెద్ద లోపం.

"మనిషి చూస్తే కాంతి మారుతుంది" అంటుంది కిట్‌తో వచ్చే కరపత్రం. తప్పు. గదిలో ఎవరూ లేకున్నా చారలు పోతాయి; ఏ చీలిక గుండా వచ్చిందో చెప్పే గుర్తు (నిలువు లేదా అడ్డం కంపనం) కాంతిలోనే మిగలడం కారణం. ఇక్కడి వరకు తరంగ సిద్ధాంతమే చాలు. అసలు చిక్కు ఒక్కో కణం వెళ్లినప్పుడు. 1989లో జపాన్ భౌతిక శాస్త్రవేత్త తోనోమురా బృందం ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపినా, చుక్కచుక్కగా చారలే పేరుకున్నాయి. మధ్యదారిలో ఎలక్ట్రాన్ ఏమిటన్నది నేటికీ వివాదమే. సెకనుకు వేల లక్షల కోట్ల ఫోటాన్లు (కాంతి కణాలు) చిమ్మే ఈ లేజరుతో ఆ ఒక్కో కణం చిక్కును చూపడం కుదరదు. కిట్ కొనండి, కరపత్రం పిల్లలకు ఇవ్వకండి.