‘మానసిక స్థైర్యం’ కోర్సు: డ్రిల్లు కోసం వెళ్లండి, చివరి గంటకు ముందే లేచి వచ్చేయండి

సెక్యూరిటీ సిబ్బందికి, పోలీసు, సైనిక ఉద్యోగాలకు తయారవుతున్నవాళ్లకు అని చెప్పి ఒక ప్రైవేటు సంస్థ అమ్ముతున్న ‘మానసిక స్థైర్యం’ కోర్సు ఈమధ్య పూర్తిచేశాను. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే సరుకు ఇంకా చాలా పేర్లతో దొరుకుతోంది, స్లైడ్లు కూడా దాదాపు అవే. ఫోన్లో చూసుకునే వీడియో పాఠాలు, తర్వాత ఎదురుగా చేయించే వర్క్‌షాప్, ఆఖర్న సర్టిఫికెట్. వర్క్‌షాప్‌లో డ్రిల్లు ఒక్కదానికి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. మొత్తం కోర్సుకైతే రెండున్నర, అది కూడా ఆ డ్రిల్లు పుణ్యమే.

ముందు వీడియోల సంగతి. సగం సేపు సింహాలు, పర్వతాలు, ‘నువ్వు ఉక్కుమనిషివి’ తరహా మాటలు. పనికొచ్చే పాఠం ఒక్కటి ఉంది. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు చిట్టెలుకల మీద చేసిన ప్రయోగం గురించి చెబుతూ, తేలిక పనైతే ఒత్తిడి ఎక్కువున్నా నెట్టుకొస్తాం కానీ చిక్కు పనైతే కాస్త ఒత్తిడి పెరిగినా తడబడతాం అని వివరించారు. గేటు మూసేయడానికి టెన్షన్ పెద్దగా అడ్డురాదు, ఎదుటివాడు జేబులోంచి తీస్తున్నది ఫోనా, ఇంకేమైనానా అని తేల్చుకునేటప్పుడు కచ్చితంగా అడ్డొస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. ఆ వెంటనే రంగురంగుల చార్టు ఒకటి పెట్టి, గుండె నిమిషానికి 115 నుంచి 145 సార్లు కొట్టుకుంటే మనిషి మంచి ఫామ్‌లో ఉన్నట్టు, 175 దాటితే బుర్ర పనిచేయనట్టు తేల్చేశారు. ఈ రంగంలో ఏ ట్రైనింగ్‌కి వెళ్లినా ఈ చార్టు కనిపిస్తుంది. పరుగెత్తితే పెరిగే గుండె వేగం వేరు, భయంతో పెరిగేది వేరు. మెట్లెక్కి ఆయాసపడుతున్నవాడు 170 మీద ఉండి కూడా అడిగినదానికి తిన్నగా సమాధానం చెప్పగలడు, 120 మీద ఉన్నవాడికి భయంతో నోరు పెగలకపోవచ్చు. వాచీలో అంకె చూసి మనిషి పరిస్థితి చెప్పేస్తామంటే నేను నమ్మను.

ఇక డ్రిల్లు. అసలు ఈ రివ్యూ రాస్తున్నది దీని గురించే. చేయించినాయన సైన్యంలో పనిచేసి రిటైరైన మనిషి, మాటలు తక్కువ. ముందు అందరికీ ఒక బండి నంబరు, ఇద్దరు మనుషుల ఆనవాళ్లు, వాళ్లు వెళ్లిన దిక్కు ఒక్కసారి చదివి వినిపించాడు. తర్వాత మెట్లెక్కి దిగి రమ్మన్నాడు, దిగేసరికి పక్కన సైరన్ మోగుతుంటుంది, ఒకడు బూతులు తిడుతూ మీదమీదకొస్తుంటాడు, ఆ గోలలోనే వాకీటాకీలో కంట్రోల్ రూముకి రిపోర్టు ఇవ్వాలి. మొదటి రౌండులో అందరిదీ ఒకటే వరస: బటన్ నొక్కకముందే మాట మొదలుపెట్టేయడం, గొంతు కీచుగా మారిపోవడం, ఎర్ర చొక్కా కాస్తా నీలం చొక్కా అయిపోవడం. ఆయన ఎవరినీ తిట్టలేదు, నవ్వలేదు కూడా. “ముందు ఊపిరి మొత్తం వదిలెయ్. తర్వాత బటన్ నొక్కు. ఎక్కడ, ఏం జరిగింది, ఎంతమంది, అంతే. మిగతాది వాళ్లే అడుగుతారు” అన్నాడు. రెండో రౌండులో గోల ఇంకా పెంచారు, అయినా రిపోర్టులు బాగుపడ్డాయి.

నాలుగు లెక్కపెడుతూ పీల్చడం, నాలుగు ఆపడం, నాలుగు వదలడం, మళ్లీ నాలుగు ఆపడం, ఈ బాక్స్ బ్రీదింగ్‌ని ఇప్పుడు ప్రతివాళ్లూ నేర్పుతున్నారు, కాకపోతే ఏసీ గదిలో కళ్లు మూయించి నేర్పుతారు. గోల మధ్యలో చేయించినవాళ్లను ఇక్కడే చూశాను. మైఖెన్‌బామ్ అనే సైకాలజిస్టు రూపొందించిన ‘స్ట్రెస్ ఇనాక్యులేషన్’ పద్ధతిలో మూడు దశలుంటాయి: ఒత్తిడి మనల్ని ఏం చేస్తుందో అర్థం చేసుకోవడం, తట్టుకునే మెళకువలు నేర్చుకోవడం, వాటిని మెల్లమెల్లగా పెంచుతూ వచ్చే ఒత్తిడిలో వాడి చూడటం. మార్కెట్లో ఉన్న కోర్సులు చాలావరకు రెండో దశలోనే దుకాణం కట్టేస్తాయి. నెదర్లాండ్స్ పోలీసుల మీద 2008లో వచ్చిన అధ్యయనంలో కొందరు అట్టబొమ్మల మీద, కొందరు రంగు తూటాలతో తిరిగి కాల్చే మనుషుల మీద ప్రాక్టీసు చేశారు. తర్వాత ఒత్తిడి పెట్టి పరీక్షిస్తే అట్టబొమ్మల బ్యాచ్ గురి దెబ్బతింది, రెండో బ్యాచ్‌ది నిలబడింది.

కోర్సులో చెప్పాల్సి ఉండీ చెప్పని ముక్క ఒకటుంది. డ్రిల్లులో చొక్కా రంగు మర్చిపోయినందుకు ఒక కుర్రాడు తెగ సిగ్గుపడ్డాడు. అమెరికా సైనికుల సర్వైవల్ శిక్షణలో (శత్రువుకు పట్టుబడితే ఎలా తట్టుకోవాలో ఉత్తుత్తి ఖైదు పెట్టి, ప్రశ్నించి నేర్పుతారు) 500 మందికి పైగా మీద చేసిన పరిశీలన 2004లో వచ్చింది. గట్టిగా బెదిరించి ప్రశ్నించిన మనిషిని, అరగంటకు పైగా ఎదురుగా చూసి కూడా, మర్నాడు చాలామంది సరిగ్గా గుర్తుపట్టలేకపోయారు. మామూలుగా ప్రశ్నించినవాళ్లను గుర్తుపట్టినవాళ్లే ఎక్కువ. శిక్షణ పొందిన సైనికుల పరిస్థితే అదైతే ఈ కుర్రాడెంత! ఈ ఒక్క మాట చెప్పి, సంఘటన అయిన వెంటనే చీటీ మీద రాసుకోవడం అలవాటు చేయిస్తే సరిపోయేది.

చివరి గంట మాత్రం దారుణం. డ్రిల్లు మాస్టారు వెళ్లిపోయాక వేరే ఆవిడ వచ్చి అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, డ్యూటీలో చూసిన అతి ఘోరమైన సంఘటన ఒక్కొక్కరూ చెప్పాలంది. ఒకాయన చెప్పనంటే “లోపల దాచుకుంటే జబ్బవుతుంది సార్” అని వదల్లేదు. ఆయన లేచి బయటికెళ్లి మళ్లీ రాలేదు. ఇలా ఒక్క సిట్టింగ్‌లో కక్కించే పద్ధతి తర్వాతి మానసిక సమస్యల్ని ఆపుతుందనడానికి ఆధారం లేదని, కొందరికి ఇంకా చేటు చేయొచ్చని అప్పటిదాకా వచ్చిన వైద్య అధ్యయనాలను కలిపి చూసిన 2002 కాక్రేన్ సమీక్షే చెప్పింది. బ్రిటన్ రాయల్ మెరైన్స్‌లో మొదలైన ట్రిమ్ పద్ధతిలో ఆ యూనిట్ మనిషే, శిక్షణ తీసుకుని, సంఘటన జరిగిన దాదాపు మూడు రోజులకు ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి కూర్చుని మాట్లాడతాడు, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపుతాడు. తెలియని పదిమంది ముందు పుండు కెలకడం అందులో ఉండదు.

బ్రోషర్‌లో ‘అమెరికా ఆర్మీ వాడే పద్ధతి’ అని పెద్దక్షరాల్లో ఉంది. అక్కడ 2009లో పది లక్షల మందికి పైగా సైనికుల కోసం ఇలాంటి భారీ కార్యక్రమం మొదలుపెట్టిన మాట నిజమే. అలాంటి కార్యక్రమాల వల్ల మానసిక సమస్యలు తగ్గాయనడానికి సరైన రుజువులు లేవని అక్కడి నిపుణుల కమిటీయే 2014లో తప్పుపట్టిన మాటా నిజమే. రెండోది బ్రోషర్‌లో లేదు.

కోర్సు మొత్తంలో నిద్ర గురించి ఒక్క స్లైడ్ లేదు. వరసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలా ఉంటుందని 1997లోనే తేల్చారు. రిలీవర్ రాక డబుల్ డ్యూటీ చేసినవాడికి ఊపిరి ఎలా పీల్చాలో నేర్పించి ఏం లాభం? సిబ్బందిని ఇలాంటి కోర్సులకు పంపే మేనేజర్లు ముందు షిఫ్ట్ చార్టు ఒకసారి తీసి చూడండి.

చేరాలనుకుంటే డబ్బు కట్టేముందు రెండు విషయాలు అడగండి: డ్రిల్లు నిజంగా గోల పెట్టి చేయిస్తారా, చివరి సెషన్‌లో కూర్చోవడం తప్పనిసరా. సర్టిఫికెట్ నాకూ ఇచ్చారు, దాని మీద గడువు తేదీ లేదు. డ్రిల్లు మళ్లీ ఎప్పుడు చేయిస్తారని అడిగితే అడ్వాన్స్‌డ్ కోర్సులో చేరమన్నారు.