పాడేవారి ఎదుటా, వారి నడుమా, వినేవారి పక్కనా: ఏది మేలు?

సంగీతాన్నీ క్రతువునూ జెండర్‌నూ కలిపి మానవశాస్త్ర దృష్టితో చదవాలనుకునేవారికి సిద్ధాంతాల కంటే ముందు ఒక చిన్న చిక్కు ఎదురవుతుంది. క్రతువు మొదలైన రాత్రి ఎక్కడ కూర్చోవాలి? రికార్డర్ పట్టుకుని పాడేవారి ఎదుటా, వాద్యం పట్టుకుని వారి నడుమా, లేక పాటతో నిమిత్తం లేనట్టు కనిపించే జనం పక్కనా? మూడింటికీ గట్టి వాదనలే ఉన్నాయి. నా ఓటు మూడోదానికి. అయితే మొదటి రెండింటికీ దక్కవలసిన మర్యాద ముందు దక్కాలి.

1900లో బెర్లిన్‌లో, లోకంలోని పాటల రికార్డులను భద్రపరిచే ఫోనోగ్రామ్ ఆర్కైవ్ మొదలైనప్పటి నుంచీ ఈ విద్య యంత్రం చెయ్యి పట్టుకునే నడిచింది. 1907 నుంచి అమెరికన్ పరిశోధకురాలు ఫ్రాన్సెస్ డెన్స్‌మోర్ ఉత్తర అమెరికా ఆదివాసుల పాటలను రెండు వేలకు పైగా మైనపు సిలిండర్ల మీదికి ఎక్కించారు. ఆ శ్రమను తక్కువ చేయలేం. కానీ ఒక సిలిండర్‌లో పట్టేది రెండు నుంచి నాలుగు నిమిషాల పాట. గాయకుడు గొట్టానికి దగ్గరగా నోరుంచి, దానిలోకి పాడాలి. రాత్రంతా సాగే క్రతువు అందులో ఇమడదు. ఆ పాట ఎవరి చెవిన పడాలని పుట్టిందో వారు అక్కడ ఉండరు. నేటి రికార్డర్లలో గంటల కొద్దీ పడుతుంది, నిజమే. అయినా మైకు ఎటు తిరిగితే అటువైపు మాటే వినిపిస్తుంది. అది సాధారణంగా పాడేవారి వైపే తిరుగుతుంది.

అలాగని యంత్రాన్ని తీసిపారేయలేం. బ్రెజిల్‌లోని సుయా అనే ఆదివాసుల పాటలను 1970లలో రికార్డు చేసిన మానవశాస్త్రవేత్త ఆంథనీ సీగర్‌కు టేపులు కొలుస్తుంటే ఒక వింత కనిపించింది. ఒక బృందగానం సాగేకొద్దీ శ్రుతి మెల్లగా పైకి జరుగుతోంది. మనుషులు కావాలని చేస్తున్నదా, దానంతట అది జరుగుతున్నదా? ఎంత పెరిగిందో కొలత చెప్పింది. ఎందుకు పెరిగిందో అడగడానికి మాత్రం మళ్లీ మనుషుల దగ్గరికే వెళ్లవలసి వచ్చింది. యంత్రం మంచి ప్రశ్నలు పుట్టిస్తుంది, జవాబులు దాని దగ్గర ఉండవు.

దానికి ఇంకో చిక్కూ ఉంది. ఆస్ట్రేలియా ఆదివాసుల సంస్కృతిని భద్రపరిచే కాన్‌బెర్రా సంస్థలో పురుషులే వినదగిన రికార్డులు కొన్ని, స్త్రీలే వినదగినవి కొన్ని ఆంక్షలతో ఉన్నాయి. పాట పెట్టెలోకి ఎక్కినా దాని జెండర్ దాన్ని వదలలేదన్నమాట.

రెండో దారి నేర్చుకోవడం. పరాయి సంగీతం మీద రాసేవారు అందులోనూ చెయ్యి తిరిగినవారై ఉండాలని 1960లో అమెరికన్ సంగీత పరిశోధకుడు మాంటిల్ హుడ్ వాదించారు. రికార్డింగ్ కంటే ఇది మెరుగన్నది నాకు సందేహం లేని విషయం. శిష్యరికానికి దిగినవారిని గురువు తిడతాడు, సరిదిద్దుతాడు. తప్పు పాడినప్పుడు అందే ఆ దిద్దుబాటులో ఆ సమాజం దేన్ని ఒప్పు అనుకుంటుందో బయటపడుతుంది. ఎన్ని ఇంటర్వ్యూలు చేసినా అంత తేటగా రాదు.

కానీ జెండర్ దగ్గరికి వచ్చేసరికి ఈ దారి సగంలోనే ఆగిపోతుంది. అఫ్గానిస్తాన్‌లోని హెరాత్‌లో 1970లలో సంగీత పరిశోధకులైన జాన్ బెయిలీ, వెరోనికా డబుల్‌డే దంపతులు పనిచేశారు. అక్కడి పెళ్లిళ్లలో మగవారి వేడుక వేరు, ఆడవారి వేడుక వేరు. బెయిలీ మగ వాద్యకారుల దగ్గర దుతార్, రుబాబ్ అనే తంత్రీవాద్యాలు నేర్చుకున్నారు. డబుల్‌డే స్త్రీల దగ్గర పాటా, దాయెరా అనే చర్మవాద్యమూ నేర్చుకుని, వారి బృందంతో కలిసి పెళ్లిళ్లలో పాడారు. బెయిలీ ఒక్కరే వెళ్లి ఉంటే, ఎంత శ్రద్ధగా పనిచేసినా, హెరాత్ సంగీతంలో సగం ఆయనకు గోడ అవతలే ఉండిపోయేది. శిష్యుడికి తలుపు తెరుచుకునేది గురువు కూర్చునే గదికే.

స్త్రీ అయితే చాలు, స్త్రీల గది తెరుచుకుంటుందనుకోవడమూ పొరపాటే. మధ్య ఆస్ట్రేలియాలో మానవశాస్త్రవేత్త డయాన్ బెల్‌ను స్త్రీల క్రతువుల్లోకి రానిచ్చారంటే, ఆమె పిల్లలున్న తల్లి కావడం, భర్త తోడు లేకుండా రావడం అందుకు బాగా కలిసి వచ్చాయి. భర్తలు లేని స్త్రీలు కలిసి ఉండే శిబిరంలో ఆమెకు చోటు దొరికింది. పెళ్లికాని యువ పరిశోధకురాలికి అదే ఆదరణ దక్కుతుందని చెప్పలేం. వయసు, సంతానం, వైవాహిక స్థితి అన్నీ కలిసి తలుపు తీస్తాయి.

ఇక మూడోది, వినేవారి పక్కన కూర్చోవడం. సుయా పురుషులు అకియా అనే పాటను, ఎవరిది వారు, అందరూ ఒకేసారి, గొంతు బిగబట్టి వీలైనంత హెచ్చు స్థాయిలో పాడతారు. పక్కన నిలబడిన పరిశోధకుడికి అది గందరగోళం. కానీ ఒక్కొక్కరి గురీ తల్లీ అక్కచెల్లెళ్లూ. ఇళ్ల దగ్గర ఉండి ఆ కేకల మధ్య తమవాడి గొంతును పోల్చుకునే ఆ స్త్రీల పక్కన కూర్చుంటే తప్ప, గొంతు ఎందుకంత బిగించాలో అర్థం కాదు.

పపువా న్యూ గినీలోని కాలులీ తెగవారు జరిపే ‘గిసాలో’ అనే క్రతువులో వినేవారి పాత్ర ఇంకా పెద్దది. అతిథులుగా వచ్చిన నర్తకులు ఆతిథేయుల అడవులనూ వాగులనూ పేరుపేరునా పాడేవారు. చనిపోయినవారు తిరిగిన చోట్లవి. విన్నవారు భోరుమని ఏడ్చి, ఆ బాధకు ప్రతీకారంగా కాగడాతో నర్తకుడి భుజం కాల్చేవారు. అతను పాట ఆపకూడదు. తెల్లవారాక, ఏడిపించినందుకు అతిథులే పరిహారం ఇచ్చుకునేవారు. అక్కడ మగవారి పాట ఏడుపు పుట్టిస్తే, ఆడవారి ఏడుపు పాటగా మారుతుందని అక్కడ పరిశోధన చేసిన స్టీవెన్ ఫెల్డ్ గమనించారు. గాయకుడి మీద మాత్రమే కళ్లు పెట్టినవారికి ఈ జోడీలో ఒక్క అంచే కనిపిస్తుంది.

వాదనకు అన్నిటికంటే గట్టి ఉదాహరణ బ్రెజిల్‌లోని ఎగువ షింగూ నది ప్రాంతపు వాజా ఆదివాసులది. కవోకా వేణువులను స్త్రీలు చూడకూడదు. చూస్తే సామూహిక అత్యాచారం తప్పదన్న బెదిరింపు ఆ నిషేధం వెనుక ఉంది. కానీ వినకుండా ఎలా ఉంటారు? ఇళ్లలోంచి వింటూనే ఉంటారు. 2000ల తొలి ఏళ్లలో పరిశోధకులు అకాసియో పియెదాదె పురుషుల వేణువులనూ, మరియా ఇగ్నెజ్ మెల్లో స్త్రీలు తమ క్రతువులో పాడే ఇయాముఱికుమా పాటలనూ అధ్యయనం చేస్తే, రెండింటి బాణీలకూ దగ్గరి చుట్టరికం ఉన్నట్టు తేలింది. చూడవద్దన్నవారే ఆ సంగీతాన్ని ఎరిగి, తమ క్రతువులో తిరిగి పాడుతున్నారు.

కాబట్టి కొద్ది వ్యవధే చేతిలో ఉంటే వినేవారి పక్కన కూర్చోండి. ఏళ్ల తరబడి ఉండే వీలుంటే, రానిచ్చిన వైపు శిష్యరికం చేయండి, రెండో వైపు పనిచేసే తోడును వెతుక్కోండి. తోడు దొరకకపోతే, చూసింది ఏ సగమో వ్యాసం మొదటి పేజీలోనే రాయండి. రికార్డర్‌ను అనుమతితో వాడండి. పట్టిన పాటను వినేవారికే తిరిగి వినిపించి వారి మాటలు రాసుకోండి. ఫెల్డ్ చేసిన మంచి పనుల్లో అదొకటి.

మూడో దారిలో ఒక ప్రమాదముంది. నిషిద్ధ సంగీతం తెలిసినవారికి, తెలుసని ఒప్పుకోవడమే ముప్పు కావచ్చు. ఆ ప్రశ్న పదిమందిలో అడిగితే ఇబ్బంది పరిశోధకుడికి కాదు, జవాబు చెప్పినవారికి. వారంతట వారు చెప్పినా, అచ్చువేయడానికి మరోసారి అడగాలి.